ప్రెట్జెల్ గురించే

ఆ బుధవారం పొద్దున గొడవ సంచి దగ్గర మొదలైంది.

రొట్టెల పెట్టె పక్కన, పిండితాడుని ముడేసి ఉప్పు చల్లి కాల్చిన ప్రెట్జెల్‌ల సంచి గోడవైపు తిరిగి ఉంది. లామార్ కాఫీ పోసుకుంటూ దాన్ని ఇటు తిప్పాడు. ఆర్డిత్ కుడిచేత్తో గుడ్లు వేయిస్తూనే ఎడమచేత్తో దాన్ని మళ్లీ అటు తిప్పింది.

“ఎందుకలా గోడకు పెడతావు? లోపల ఏమున్నాయో తెలియట్లేదు. నిన్న పుల్లల ప్రెట్జెల్‌లనుకుని విప్పాను.”

“మనింట్లో పుల్లలు ఎప్పుడు కొన్నాం?”

“నేననేది అది కాదు.”

“పోయిన వారం వీటిని డబ్బాలో పోశాను. నువ్వే మళ్లీ సంచిలో పోశావు.”

“డబ్బాలో మెత్తబడుతున్నాయి.”

“మూత పూర్తిగా పెడితే మెత్తబడవు. ఇరవై తొమ్మిదేళ్లుగా సగమే పెడుతున్నావు.”

లామార్ కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపి సంచిని ఇంకోసారి ఇటు తిప్పాడు. దానిమీద ఆర్డిత్ బొమ్మ ఉంది. తెల్లటోపీ పెట్టుకుని, రెండు చేతులూ ఛాతీమీద అడ్డంగా వేసుకుని, కుడిచేత్తో ఎడమ భుజం, ఎడమచేత్తో కుడి భుజం పట్టుకుని నిలబడ్డ ఆర్డిత్. బొమ్మ గీసినవాడు ఆ చేతుల్ని ఎముకలు లేని తాళ్లలాగా సాగదీసి ప్రెట్జెల్ ముడి వేశాడు. ముక్కు కూడా కొంచెం పొడుగు చేశాడు. కింద లావు అక్షరాలతో ‘ప్రెట్జెల్ గురించే’ అని ఉంది.

“జోకే కదా, ఆర్డీ.”

“నవ్వేవాళ్లకు చూపించుకో. నేనిప్పుడు తినాలి.”

ఆమె గుడ్లు రెండు పళ్లాల్లో వేసి, సంచి తీసి అలమరలో పిండిడబ్బా వెనక పెట్టేసింది. తినడం అయిపోయాక లామార్ పళ్లెం కడుగుతూ, ఆమెవైపు చూడకుండా అడిగాడు.

“ఆదివారం భోజనం దగ్గర వెండెల్ ఆ ఒప్పందం కాయితం అడుగుతాట్ట. చదివావా?”

“రెండుసార్లు.”

“ఐదేళ్లే కదా.”

“ఐదేళ్లని నాకూ కనిపించింది,” అంది ఆర్డిత్.

*

కెండిగ్ బేకరీలో జనం చూడ్డానికి అద్దాల గది కట్టి పధ్నాలుగు నెలలయింది. మూడువైపులా అద్దం. నాలుగోవైపు గోడకి కిందనుంచి నడుమెత్తుదాకా ఒక కంత, దానికి రబ్బరు తెర. గది మధ్యలో ఆర్డిత్ నిలబడి పనిచేసే చెక్క బల్ల. బల్ల మాత్రం పాతదే. నలుగురు పక్కపక్కన నిలబడి చేసిన పొడుగు బల్లని గదిలో పట్టేట్టు రంపంతో కోశారు. ఆమె నిలబడేచోట అంచు అరిగి, పొట్ట ఆనుకునేంత వంపు ఏర్పడి ఉండేది. ఆ వంపు కోసేసిన ముక్కతో పోయింది. ఇప్పుడు అంచు నిటారుగా తగులుతుంది.

తొమ్మిదింటికి మొదటి గుంపు వచ్చింది. రెండు బస్సుల జనం, ఎక్కువమంది పెద్దవాళ్లు. దుకాణం చూసుకునే డార్సీ మైకు పట్టుకుని అద్దం పక్కన నిలబడింది. ఆర్డిత్ పిండిముద్దలోంచి ఒక ముక్క తుంచి, అరచేతుల కింద పెట్టి మధ్యనుంచి కొసలకు తోసింది. నడుమ లావుగా, కొసలు సన్నగా తాడు సాగింది. కొసలు రెండూ పట్టి ఎత్తి, ఒకదానిమీద ఒకటి రెండుసార్లు మెలేసి, కిందికి వంచి, దాని భుజాలమీద అదిమింది. పలకమీదికి జార్చింది. మామూలుగా అయితే ఈ పని మొత్తానికి ఒక్క ఊపిరి కూడా పట్టదు. నిమిషానికి నలభై చేసేది ఆమె. ఫోన్లకు అందడం లేదు, నెమ్మదిగా చెయ్యమని బేకరీ నడిపే వెండెల్ చెప్పాడు. నెమ్మదిగా చేస్తే కొసలు గాలికి ఆరిపోయి అతుక్కోవు. అందుకని పక్కన గిన్నెలో నీళ్లు పెట్టుకుని ప్రతిదానికీ వేలు ముంచుకోవలసి వస్తోంది.

ఎర్రచొక్కా వేసుకున్న ఒకాయన అద్దంమీద వేలితో కొట్టి, చేతులు ఛాతీమీద అడ్డంగా వేసుకుని చూపించాడు. పక్కనున్న ఆయన భార్య సిగ్గుపడి ఆయన మోచెయ్యి లాగింది. ఆర్డిత్ తల ఊపింది. తల ఊపమని కూడా వెండెల్ చెప్పాడు.

“ఇప్పుడు అందరూ ఎదురుచూస్తున్న ప్రశ్న,” అంది డార్సీ. “ఆర్డిత్, ప్రొద్దుట్నించి సాయంత్రందాకా ఇవి చేస్తూ ఏం ఆలోచిస్తుంటావు?”

బల్లకి బిగించిన మైకులోకి ఆర్డిత్ వంగింది.

“ప్రెట్జెల్ గురించే.”

జనం నవ్వారు. ఎర్రచొక్కా ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఈ మాట ఆమె మొదటిసారి అన్నప్పుడు అందులో నవ్వడానికేమీ లేదు. రెండేళ్లకిందట ఫిలడెల్ఫియానుంచి టీవీవాళ్లు చిరుతిళ్లమీద కార్యక్రమం తీయడానికి వచ్చారు. జనవరి నెల. సరుకు ఎక్కించే తలుపు తెరిచి ఉండి చలిగాలి కొడుతుంటే, ఆమె చేతులు అడ్డంగా వేసుకుని భుజాలు పట్టుకుని నిలబడింది. టీవీ ఆయన ఆ ప్రశ్న అడిగాడు. ఆమె ఒక క్షణం ఆలోచించి నిజమే చెప్పింది. ఇంకోటి ఆలోచిస్తే నడుము సన్నబడుతుంది, కొస లావవుతుంది. పనిచేసేవాళ్లెవరినడిగినా అదే చెబుతారు. ఆ ముక్కని టీవీలో జోకులేసే ఒకాయన ఎత్తుకుని వారంరోజులు వాడుకున్నాడు. ఆ తర్వాత ఆట ఓడిపోయిన ఆటగాణ్ని ఆఖరి బంతప్పుడు ఏమనుకున్నావని అడిగితే, ప్రెట్జెల్ గురించే అన్నాడు. బళ్లో లెక్క తప్పు చేసిన పిల్లాడూ అదే అన్నాడు. చొక్కాలమీద అచ్చువేశారు. చర్చిలో ప్రార్థన ముగిసి ఆమె తల ఎత్తేసరికి ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి కన్నుగీటి, “దేని గురించి?” అన్నాడు.

ఆ బుధవారం పిండి బాగాలేదు. ఉదయంనుంచే బాగాలేదు. కొత్త పిండి అరచేతి కింద చెప్పినట్టు వింటుంది. ఇది సాగినంతసేపు సాగి, చెయ్యి తియ్యగానే వెనక్కి ముడుచుకుపోతోంది. మధ్యలో పొడి పొరలు తగులుతున్నాయి. ఇలా చాలా రోజులుగా జరుగుతోంది. పిండిమరవాళ్లు గోధుమ మార్చారని డార్సీ ఒకసారి అంది. డార్సీకి చొక్కాలు, కొవ్వొత్తులు అమ్మడం తెలుసు గాని గోధుమ తెలియదు.

పదకొండింటి గుంపు వెళ్లిపోయాక ఆర్డిత్ కొత్త ముద్ద విప్పి రెండుగా చీల్చింది. లోపల ఒక మెడ ఉంది. ప్రెట్జెల్ మెడ, రెండు మెలికలతో సహా, పూర్తిగా నలగకుండా మిగిలిపోయింది. ఎడమకొస పైనుంచి వెళ్లిన మెలిక. యంత్రం కుడికొస పైనుంచి వేస్తుంది. బేకరీలో ఎడమకొస పైనుంచి వేసేది ఇప్పుడు ఆమె ఒక్కతే.

ఆమె దాన్ని వేలితో తడిమి చూసి, బల్లమీద పెట్టింది. తలమీద టోపీ తీసి దాని పక్కన పెట్టింది. తర్వాత నడుము వంచి రబ్బరు తెర ఎత్తి అవతలికి దూరింది.

గది కట్టాక అటువైపు ఆమెకు పనిలేకపోయింది. భోజనం దుకాణంవైపే, రావడం పోవడం దుకాణంలోంచే. యంత్రాల హాల్లోకి ఆ టోపీతో, ఆ గౌనుతో రావద్దని గోడమీద కాయితం అంటించారు. ఆమె పలకలు నింపి కంతలోంచి చక్రాల బండిమీదికి తోసేది. బండి వెళ్లిపోయేది. అక్కడనుంచి పాత ఇటుకపొయ్యికి, పొయ్యినుంచి నీలం డబ్బాల్లోకి. పెళ్లిళ్లకూ క్రిస్మస్‌కూ జనం కొనుక్కుపోయే నీలం డబ్బాలు. జనం అద్దంమీద వేళ్లతో కొడుతున్నప్పుడు ఆమె ఆ డబ్బాల్నే తలుచుకునేది.

తెర అవతల బండి తోసే ఎనేయిడా నిలబడి ఉంది. చేతిలో వెడల్పు రేకు. పలకని టబ్బుమీద ఏటవాలుగా పట్టుకుని, రేకుతో ఒక్క గీకు గీకింది. ఇరవైనాలుగు ప్రెట్జెల్‌లూ ఒకదానిమీద ఒకటి టబ్బులో పడ్డాయి. మీద గుప్పెడు పొడిపిండి చల్లింది. తల ఎత్తితే ఆర్డిత్ కనిపించింది.

“మిస్ ఆర్డిత్, మీరిక్కడికి రాకూడదు కదా.”

“ఏంచేస్తున్నావు?”

ఎనేయిడా టబ్బులోకి చూసి, మళ్లీ ఈమెవైపు చూసింది. “మళ్లీ కలుపుతాను. పన్నెండింటి గుంపుకి కావాలిగా.”

“అన్నీనా?”

“అన్నీ. సాయంత్రానికి పిండి పనికిరాదు. పందుల రైతు బండి వేసుకొచ్చి పట్టుకుపోతాడు.”

“ఎప్పట్నించి?”

“నేనొచ్చినప్పట్నించీ ఇంతే. అద్దం పెట్టినప్పట్నించీ ఇంతేనంట.” ఎనేయిడా రేకుని ఏప్రానుకి తుడుచుకుంది. ఆమె గొంతు తగ్గింది. “మీకు తెలుసనుకున్నాను.”

ఆర్డిత్ టబ్బులోకి వంగి చూసింది.

“అందరం అలాగే అనుకున్నాం, మిస్ ఆర్డిత్. పాపం ఎంత ఓపికగా వేషం వేస్తోందో అనుకునేవాళ్లం.”

ఆమె ఎనేయిడాని దాటి పాత ఇటుకపొయ్యి దగ్గరికి నడిచింది. పొయ్యి నోట్లో అట్టపెట్టెలున్నాయి. పై పెట్టెలోంచి చేతులు ముడేసుకున్న అట్టబొమ్మ ఒకటి సగం బయటికి వంగి ఉంది. ఇటుకమీద చెయ్యి పెట్టి చూసింది. నేల ఎంత చల్లగా ఉందో అదీ అంతే చల్లగా ఉంది.

పన్నెండింటికి డార్సీ మైకు తట్టిన చప్పుడయింది. ఆర్డిత్ తెర కిందనుంచి లోపలికి దూరి, టోపీ పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం ఇంకో నాలుగు గుంపులొచ్చాయి. నాలుగుసార్లు ప్రశ్న అడిగారు, నాలుగుసార్లు జవాబు చెప్పింది. చేతులు వాటి పని అవి చేశాయి. పలక నిండాక కంతవైపు తోసేముందు మాత్రం ప్రతిసారీ ఒక్క క్షణం ఆగాయి.

*

మర్నాడు గురువారం. సాయంత్రం ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. లామార్ వెనక మెట్లమీద కూర్చుని బూట్ల మట్టి పుల్లతో గీకుతున్నాడు. ఆర్డిత్ చిక్కుడుకాయల బుట్ట పట్టుకుని పై మెట్టుమీద కూర్చుంది. నాలుగు కాయలు ఒలిచాక అడిగింది.

“నీలం డబ్బాల్లో ఏముంటున్నాయి?”

లామార్ పుల్ల ఆగింది.

“ప్రెట్జెల్‌లు.”

“ఎవరు చేసినవి?”

అతను ఒక బూటు పక్కన పెట్టి రెండోది తీసుకున్నాడు. దానికి మట్టి లేదు. అయినా గీకడం మొదలుపెట్టాడు.

“మిషన్‌వి,” అన్నాడు.

“నీకు మొదట్నించీ తెలుసు.”

“సరుకు బండికి ఎక్కించి నడిపేది నేనే కదా.”

“పధ్నాలుగు నెలలు. ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నాం.”

“ఏమని చెప్పేది ఆర్డీ? సాయంత్రం ఇంటికొచ్చి చేతులు వేణ్ణీళ్లలో పెట్టుకుని, ఇవాళ ముప్పై పలకలయ్యాయి అని చెప్పేదానివి. ఒకరోజు ముప్పైనాలుగన్నావు. సంతోషంగా ఉన్నావు. నేను నోరు తెరవబోయాను కూడా. నువ్వు ఉప్పు అందించమన్నావు.”

“అందించావు.”

“అందించాను.”

ఆమె చిక్కుడుకాయ కొన విరిచి, ఈనె తీసి, గింజలు గిన్నెలో వేసింది. లామార్ బూటు కింద పెట్టాడు. “కాయితం మీద నువ్వు సంతకం పెట్టకపోతే ఆ ఒహాయో వాళ్లు బేకరీ కొనరని అంటున్నాడు వెండెల్. కొనకపోతే శీతాకాలందాకా కూడా నడపలేనంటున్నాడు. నాకు యాభై ఏడు. ఈ వయసులో నాకు ఇంకో బండి ఎవరిస్తారు?”

“నువ్వు పెట్టమంటున్నావా?”

“నేనేమీ అనట్లేదు.”

“అదే నీతో చిక్కు,” అంది ఆర్డిత్.

*

శుక్రవారం భోజనం వేళ ఆమె వెండెల్ గదికి వెళ్లింది. లామార్‌కి అన్న అతను. నవ్వుముఖం, నవ్వినప్పుడు చెవులు కూడా కదిలేవి. బల్లమీద మెడ వంగే దీపం, దానిపక్క రబ్బరుతో చేసిన ఆమె బొమ్మ. నొక్కితే కీచుమనేది. బేస్‌బాల్ ఆటల దగ్గర పిల్లలకు పంచడానికి చేయించాడు.

“కూర్చో ఆర్డిత్. ఎనేయిడా చెప్పింది, నువ్వు వెనక్కి వచ్చావంట. నేనే చెబుదామనుకున్నాను. ఎప్పటికప్పుడు వాయిదా పడింది.”

“నా పలకలు పొయ్యికి ఎందుకు పోవట్లేదు?”

“ఏ పొయ్యికి పంపను? ఇటుకపొయ్యికి ఇన్సూరెన్సువాళ్లు ఒప్పుకోరు. పొగగొట్టం పగిలింది. కొత్తది కట్టించాలంటే అద్దాల గదికైనదానికి నాలుగింతలు. రోజుకు నీ చేత్తో అయ్యేవి మిషన్ పావుగంటలో పడేస్తుంది.”

“అలాగని నాకు చెప్పొచ్చు.”

“చెబితే నువ్వు చేస్తావా? నీ సంగతి నాకు తెలీదా? కొస అతుక్కోలేదని పలక మొత్తం వెనక్కి తీసుకున్న మనిషివి.” అతను ముందుకు వంగాడు. “చూడు. జనం ప్రెట్జెల్ కొనుక్కోవడానికి రావట్లేదు. అది పెట్రోలు బంకులో కూడా దొరుకుతుంది. నిన్ను చూడ్డానికొస్తున్నారు. దేశమంతా నీ మాటకి నవ్వుతోంది. ఎవరికి దక్కుతుంది ఈ అదృష్టం?”

“నవ్వింది నన్ను చూసి.”

“నిన్ను చూసో, నీతో కలిసో, నవ్వు నవ్వే.” రబ్బరుబొమ్మని అటు జరిపి కాయితాలు ముందుకు తోశాడు. “ఒహాయో వాళ్లు ఈ పాత మిషన్లని ఏంచేసుకుంటారు? వాళ్లు కొనేది నిన్ను. నువ్వు ఐదేళ్లు ఆ గదిలో ఉంటావని రాసిస్తేనే బేరం. లేకపోతే లేదు. నలభైమంది పనిచేస్తున్నారిక్కడ. నీ మొగుడు బండి నడుపుతున్నాడు. అమ్మ ఉంటున్న ఇల్లు బేకరీ పేరున ఉంది. ఇంతమంది నీమీద ఆధారపడి ఉన్నారు. నేను ఒత్తిడి చెయ్యట్లేదు. ఆదివారందాకా ఆలోచించు.”

అతను ఒత్తిడి చెయ్యట్లేదని మరో రెండుసార్లు చెప్పాడు. ఆమె లేచేటప్పుడు, “పిండి మరీ గట్టిగా ఉందంటే చెప్పు, కొంచెం నూనె వెయ్యమంటాను,” అన్నాడు. ఆ మాట మంచితనంగానే అన్నాడు.

*

శనివారం పన్నెండు గుంపులు. రెండింటికి అద్దం బయట మూడు వరసల జనం నిలబడ్డారు. వెనక వరసవాళ్లు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఆర్డిత్ ఇరవైనాలుగోది పలకమీద జార్చింది. కంతవైపు తోసే బదులు పలకని రెండు చేతులతో ఎత్తుకుంది. జనం చప్పట్లు కొట్టారు, ఇది కూడా ఆటలో భాగమనుకుని. ఆమె టోపీ తీసి బల్లమీద పెట్టి, పలకని తెర కిందనుంచి ముందు తోసి, వెనక తానూ దూరింది.

ఎనేయిడా రేకు పట్టుకుని సిద్ధంగా ఉంది.

“ఇది ఇవ్వను,” అంది ఆర్డిత్.

“ఎక్కడికి?”

“బెల్టుకి.”

ఎనేయిడా రేకు టబ్బు అంచుమీద పెట్టి ఆమె వెనకే నడిచింది. యంత్రాల హాలు ఈ కొసన చప్పుడుకి మాట వినిపించదు. మలిచే యంత్రం అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న సన్నటి ప్రెట్జెల్‌లని బెల్టుమీద వరసలుగా వదులుతోంది. అవి రంగు కోసం చల్లే సోడానీళ్ల జల్లు కిందనుంచి, ఉప్పు రాలే తొట్టి కిందనుంచి పోయి పొడుగాటి పొయ్యిలోకి వెళ్తున్నాయి. జల్లుకి ముందు వరసల మధ్య కాస్త ఖాళీ ఉంది. ఆర్డిత్ ఒక్కొక్కటే పలకమీదనుంచి తీసి ఆ ఖాళీల్లో పెట్టింది. బెల్టుతోపాటు నడుస్తూ పెట్టాలి, లేకపోతే వంకరపోతాయి. ఇరవైనాలుగూ పెట్టింది. సన్నవాటి మధ్య అవి బడిపిల్లల వరసలో నిలబడ్డ పెద్దవాళ్లలాగా ఉన్నాయి.

ఇద్దరూ పొయ్యి పొడుగునా నడిచి రెండో కొస దగ్గర నిలబడ్డారు. వేడిగాలి మొహానికి కొడుతోంది. కాసేపటికి వచ్చాయి. పైన మంచి రంగు తిరిగింది, పాత పొయ్యిలో వచ్చే ఆ ఎర్రటి గోధుమరంగే. ఉప్పు సరిగ్గా పట్టింది. ఎనేయిడా చప్పట్లు కొట్టబోయింది. అంతలో అచ్చుకి సరిపడనివాటిని పక్కకు నెట్టే ఇనపచెయ్యి కదిలింది. మొదటిదాన్ని విరుగుళ్ల డబ్బాలోకి నెట్టింది. రెండోదాన్ని. మూడోదాన్ని. లోపమేదీ వెతకలేదు. లావు చూసింది, నెట్టింది.

ఆర్డిత్ డబ్బాలోంచి ఒకటి తీసి నడుము దగ్గర విరిచింది. లోపల పచ్చిగా, తడిగా, బూడిదరంగుగా ఉంది. ఆ పొయ్యి సన్నవాటికి పెట్టిన పొయ్యి. చేత్తో చేసినదాని నడుము అందులో కాలదు. ఆ సంగతి పలక ఎత్తుకున్నప్పుడే ఆమెకి తెలుసు. బెల్టు పక్కన నడుస్తున్నంతసేపూ తెలుసు.

ఎనేయిడా కొస తుంచి నోట్లో వేసుకుంది. “కొసలు బావున్నాయి మిస్ ఆర్డిత్.”

“కొసలు ఎప్పుడూ బావుంటాయి.”

పచ్చిముక్కని ఎక్కడ పడెయ్యాలా అని చూస్తూ ఆమె బెల్టు ఆఖరిదాకా నడిచింది. అక్కడ ఆరుగురు ఆడవాళ్లు జుట్టుకి వలలు కట్టుకుని, అద్దంవైపు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. సంచుల్లోకి పడేముందు విరిగినవీ మాడినవీ ఏరేస్తున్నారు. ఒకామె అల్లుడి కుక్క సోఫా తిన్న సంగతి చెబుతోంది. కళ్లు బెల్టుమీద, వేళ్లు ఏరుతూనే ఉన్నాయి. సోఫా ఎంతవరకు తింది అని రెండో ఆమె అడిగింది. మొదటామె చెప్పింది. అందరూ నవ్వారు. ఆర్డిత్ కళ్లముందునుంచి భుజం విరిగిన ప్రెట్జెల్ ఒకటి వెళ్లిపోతోంది. ఆమె చెయ్యి చాపి దాన్ని తీసేసింది. తర్వాత ఇంకోటి. కుక్క కథ చెబుతున్నామె కథ ఆపకుండానే అరడుగు పక్కకి జరిగి చోటిచ్చింది.

ఆమె అక్కడ ఎంతసేపు నిలబడిందో చూసుకోలేదు. హాలు అవతలనుంచి మైకులో డార్సీ గొంతు వినబడుతోంది. ఖాళీ బల్ల ముందు నిలబడ్డ జనానికి ఏదో సర్దిచెబుతోంది. ఎనేయిడా వచ్చి మోచెయ్యి తాకింది.

ఆర్డిత్ వెనక్కి వెళ్లి టోపీ పెట్టుకుంది. మిగిలిన గుంపులు కూడా పూర్తిచేసింది.

*

ఆదివారం చర్చి అయ్యాక భోజనం ఎప్పుడూ అత్తగారింట్లోనే. బేకరీ వెనక పెరటికి ఆనుకుని ఉన్న తెల్లటి ఇల్లు. అత్తగారి పేరు ఆల్వెర్టా, ఎనభై ఒకటో ఏడు. ఆ పొడుగు బల్ల దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు నిలబడ్డ మనిషి. ఇప్పుడు చెంచా పట్టుకోవడానికి కూడా రెండు చేతులూ కావాలి. భార్య పోయినప్పట్నించి వెండెల్ ఆదివారాలు తల్లి దగ్గరే తింటున్నాడు. బల్లచుట్టూ నలుగురే.

ఆల్వెర్టా ప్రార్థన చెప్పింది. కోడిమాంసం, బంగాళాదుంపలు, చదరాలుగా కోసిన పిండిరేకులు వేసి ఉడికించిన పెద్దగిన్నె మూత తీసింది. ఆవిరి లేచింది. బీట్‌రూట్ నీళ్లలో ఊరిన గుడ్లు ఒకవైపు, ఆపిల్ గుజ్జు ఒకవైపు. వెండెల్ అందరికంటే ముందు వడ్డించుకుని, కాయితాలు నాలుగు మడతలు విప్పి ఆపిల్ గుజ్జు గిన్నె పక్కన పెట్టాడు. వాటిమీద కలం పెట్టాడు.

“తిన్నాకే చూద్దాం,” అన్నాడు. ఒక ముద్ద మింగాక, “రేపు పదింటికి వాళ్లొస్తున్నారు,” అన్నాడు.

“ఎవరొస్తున్నారు?” అంది ఆల్వెర్టా.

“ఒహాయో వాళ్లమ్మా. చెప్పానుగా.”

“నేను సంతకం పెట్టను వెండెల్,” అంది ఆర్డిత్.

ఆమె గొంతు పెంచలేదు. పళ్లెంలో పిండిరేకుని ఫోర్కుతో రెండు చేస్తూ అంది. లామార్ తినడం ఆపాడు.

“ఇప్పుడే వద్దులే. తిన్నాక మాట్లాడుకుందాం.”

“తిన్నా ఇదే మాట.”

“ఎందుకు పెట్టదు?” అని ఆల్వెర్టా కొడుకునే అడిగింది. “ఏముంది అందులో?”

“ఏంలేదమ్మా. ఇప్పుడు చేస్తున్న పనే ఇంకో ఐదేళ్లు చెయ్యాలి, అంతే.”

“నేను మలిచినవి మళ్లీ టబ్బులో వేసి కలిపేస్తున్నారమ్మా,” అంది ఆర్డిత్. అత్తగారిని ఆమె మొదట్నించీ అమ్మా అనే పిలిచేది. “అద్దం పెట్టినప్పట్నించీ ఒక్కటి కూడా పొయ్యికి పోలేదు. సాయంత్రం పందులకు పోతున్నాయి.”

ఆల్వెర్టా చెంచా కింద పెట్టింది. పెట్టేటప్పుడు అది గిన్నె అంచుకి తగిలి మోగింది. ఆమె లామార్‌వైపు చూసింది. లామార్ తల దించుకున్నాడు. తర్వాత పెద్దకొడుకువైపు చూసింది.

“పిండినా?” అంది.

“అమ్మా, అది చూపించడానికి చేసే పిండి. తినడానికి కాదు.”

“నేను ముప్పై ఒక్క ఏళ్లు మలిచాను.”

“నీ రోజులు వేరు.”

“ఆకలి వేరా?”

వెండెల్ చేతిగుడ్డ తీసి మూతి తుడుచుకున్నాడు. “నలభైమంది గురించి ఎవరూ మాట్లాడరు. నేనొక్కణ్నే మాట్లాడాలి. ఆర్డిత్, లామార్ బండి గురించి ఆలోచించావా?”

“నా బండి సంగతి నాది,” అన్నాడు లామార్. అందరూ అతనివైపు చూశారు. అతను పళ్లెంవైపే చూస్తూ అన్నాడు. “పోతే పోతుంది. దాన్నడ్డం పెట్టి మాట్లాడొద్దు.”

“సరే. బావుంది. అందరూ గొప్పవాళ్లే.” వెండెల్ మెడ ఎర్రబడింది. కాయితాలు లాక్కుని కలం జేబులో పెట్టుకున్నాడు. “నువ్వు లేకపోతే ఆగిపోతుందనుకుంటున్నావేమో. శుక్రవారం సాయంత్రమే వాళ్లతో ఫోన్లో మాట్లాడాను. ఆమె ఉంటే మంచిదే, లేకపోయినా పరవాలేదన్నారు. వాళ్లక్కావలసింది సంచిమీది బొమ్మ, ఆ మాట. అవి రెండూ బేకరీవి. ఆ టోపీ ఎవరికి పెట్టినా సరిపోతుంది. డార్సీకి పెడతాను.”

వెండెల్ తానన్నది తనకే ఆలస్యంగా వినపడ్డట్టు ఆగి, నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

“మరి ఇప్పుడింకా ఈ పిల్లని ఎందుకురా పీడిస్తున్నావు?” అంది ఆల్వెర్టా.

అతను నీళ్లు తాగాడు.

గురువారంనుంచి ఆర్డిత్ నిద్రలో కూడా నలభైమందిని మోస్తోంది. వాళ్లలో ఒక్కరి బరువు కూడా ఆమెమీద లేదట. మోసినందుకు కోపం రావాలో, దిగినందుకు తేలికపడాలో తెలియలేదు. ముఖం, మాట, టోపీ వాళ్లవి. అవి రేపు కూడా అద్దం వెనక ఉంటాయి, ఎవరో ఒకరి మీద. సంచి ఊరంతా తిరుగుతూనే ఉంటుంది. చర్చిలో ముందు వరస పెద్దాయన వెనక్కి తిరుగుతూనే ఉంటాడు. అందులో ఆమె ఆపగలిగింది ఏదీ లేదు. ఆమె తనవని చెప్పుకోగలిగినవి చేతులు. వాటిని బల్లమీద పళ్లానికి అటూ ఇటూ పెట్టి ఒకసారి చూసుకుంది.

“డార్సీకి ముందు నేర్పించు,” అంది. “లేకపోతే కొసలు ఊడిపోతాయి.”

“నువ్వు నేర్పుతావా?” అన్నాడు వెండెల్. ఆశ్చర్యంగానే అడిగాడు.

“నేర్పను. నాకు ఖాళీ ఉండదు.” ఆమె పెద్దగిన్నె అందుకుని అత్తగారి పళ్లెంలో ఒక గరిటె వడ్డించింది. మాంసంముక్కలు చిన్నవి చూసి వేసింది. “రేపట్నించి నేను బెల్టు చివర, పాకింగులో ఉంటాను. ఏడో మనిషికి చోటుంది, చూశాను. ఆరింటి షిఫ్టు. గౌను, టోపీ బల్లమీద మడతపెట్టి ఉంచాను, తీయించుకో. నాకు జుట్టుకి వల ఒకటి ఇప్పించు.”